రొయ్యల గుంట మీద బతికేవాడు పంచశీల పాటించేదెట్టా?

అల్లూరు తమ్ముడు:
అన్నలకి అక్కలకి నమస్తే. మాది అల్లూరు మండలం, మూడెకరాల గుంట లీజుకి తీసుకుని వనామి రొయ్య వేస్తుండా. ఏడాది నుంచి పొద్దున్నే అరగంట శ్వాస మీద ధ్యానం కూర్చుంటుండా, మందు మానేశా, ఇంట్లో అరవడం కూడా తగ్గింది. కానీ బుద్ధుడు చెప్పిన పంచశీలలో మొదటిదే ప్రాణం తీయను అని గదా, అది అనుకుని లేచి గుంట కాడికి పోతే నీళ్లలో దించిన వల తట్ట, అదే చెక్‌ట్రే, ఎత్తి కిలోకి ఎన్ని రొయ్యలనే కౌంట్ ఎంతకొచ్చిందా అని చూసుకునేదే నా పని. మొన్న పట్టుబడి రోజు ఐసులో పోస్తా ఉంటే అవి ఎగిరేది చూడలేక పక్క గట్టు మీదకి పోయి నిలబడ్డా. అప్పుంది, ఇద్దరు పిల్లలు. ఇట్టాంటోడు ధ్యానం చేసి ఏం ఉపయోగం?

ఒంగోలు అక్క:
తమ్ముడూ, నీ మనసు కోసం అబద్ధం చెప్పను. గృహస్థులు చేయకూడని వ్యాపారాలు ఐదని అంగుత్తర నికాయంలో ఉంది, ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం. మాంసం అంటే జంతువుల్ని పెంచి అమ్మడం అని పాత వ్యాఖ్యానాలు చెప్తాయి, కాబట్టి నీ పని అందులోకే వస్తది. అయితే పాళీలో ఆ శీలం చెప్పుకునేటప్పుడు చివర 'సిక్ఖాపదం సమాదియామి' అంటాం గదా, ఈ శిక్షణ తీసుకుంటున్నా అని అర్థం. నేర్చుకునేవాడి మాట అది, తప్పితే శపించేవాడు ఎవరూ లేరు. ధ్యానం మాత్రం ఆపబాక. గట్టు మీదకి పోయి నిలబడ్డావే, ఏడాది కిందట అయితే నిలబడేవాడివా?

దొనకొండ రైతు:
అక్క చెప్పింది నిజమే గానీ అప్పున్నోడు రేపే మానేయలేడు. నేను పొగాకు వేసేవాణ్ణి, ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతదో అని బాధపడతానే వేశా, పూర్తిగా శనగకి మారేసరికి మూడేళ్లు పట్టింది. సిగాలుడనే గృహస్థుకి బుద్ధుడు చెప్పిన లెక్క పట్టుకున్నా, సంపాదన నాలుగు భాగాలు చేసి ఒకటి తినడానికి, రెండు పనిలో పెట్టడానికి, ఒకటి ఆపదకి దాచుకోమన్నాడు. ఆ నాలుగో భాగమే నన్ను బయటికి లాగింది. మనసు బాగా బరువెక్కితే చందవరం రా అబ్బాయ్, గుండ్లకమ్మ ఒడ్డున శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం, సాయంత్రం పూట ఆడ కూర్చుంటే గాలి తప్ప చప్పుడుండదు.

అల్లూరు తమ్ముడు:
అక్కా, అన్నా, రెండు సార్లు చదివా. లీజు మార్చికి అయిపోద్ది, అప్పు తీరాలంటే ఇంకో రెండు పంటలు పడతాయి. మా నాయన వరి మడి ఎకరన్నర ఉంది, దాన్ని కూడా తవ్వి గుంట చేద్దామని జేసీబీ మాట్లాడా. ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నా.