వంటింటి ఎంసీబీ పది నిమిషాలకే ట్రిప్ అవుతోంది, పాత పైపులో ఇంకో సర్క్యూట్ లాగవచ్చా?

మా వంటింటి నాలుగు సాకెట్లూ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్) మీద ఉన్నాయి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఇండక్షన్ స్టవ్ (2000 వాట్లు), ఓటీజీ ఓవెన్ (2000), మైక్రోవేవ్ (1200) ఒకేసారి వాడితే పది నిమిషాలకు ట్రిప్ అవుతోంది. 230 వోల్టులకు లెక్కేస్తే 22 ఆంపియర్లు దాటుతోంది మరి. విడివిడిగా వాడితే ఇబ్బంది లేదు.

కొత్త ఎంసీబీ పెట్టి చూశాను, సాకెట్ల స్క్రూలు బిగించాను. మార్పు లేదు. ఎలక్ట్రీషియన్ 32 ఆంపియర్లది పెడదామంటున్నారు. అలా చేస్తే గోడలో వైరు కాలినా ఎంసీబీ పడదేమోనని ఒప్పుకోలేదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

బోర్డు నుంచి వచ్చే పైపు 20 మిల్లీమీటర్లది, అందులో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడే వైర్లున్నాయి. ఇండక్షన్‌కి వేరే ఎంసీబీతో 4 చదరపు మిల్లీమీటర్ల వైర్లు అదే పైపులో లాగవచ్చా, లేక గోడ కొట్టి కొత్త పైపు వేయాల్సిందేనా?