«ఖొద్యాచెయు మొనేతొయు»: నగదా, చలామణి నాణేలా?

ప్రశ్న: 1769 నాటి రష్యా కాగితపు డబ్బు అసిగ్నాత్సియా. దాని మీది వాక్యాన్ని ఇలా తెలుగు చేశాను: "ఈ రాజ్య అసిగ్నాత్సియా చూపినవారికి బ్యాంకు ఇరవై అయిదు రూబుళ్లు నగదుగా చెల్లిస్తుంది." మూలంలో "ఖొద్యాచెయు మొనేతొయు" అని ఉంది. "నగదుగా" సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. నగదు అంటే చదివేవారికి వెండి కూడా స్ఫురిస్తుంది. రష్యా మహారాణి రెండో కేథరిన్ పెట్టిన పీటర్స్‌బర్గ్, మాస్కో బ్యాంకులు ఆ కాగితానికి ఇచ్చింది రాగి. ఒక పూదు (16.38 కిలోలు) రాగితో 16 రూబుళ్లు కొట్టేవారు. వంద రూబుళ్లంటే ఆరుంపావు పూదులు, సుమారు 102 కిలోలు! బండి కట్టాల్సిందే. ఆ మోత తప్పించడం కాగితం పుట్టుకకు ఒక కారణం.

"ఖొదీత్" అంటే నడవడం. మన చలామణిలోనూ కదలికే ఉంది కాబట్టి "చలామణి నాణేల్లో" అనండి. మూలంలో ఏకవచన తృతీయ, నిజమే. కానీ "నాణెంతో" అంటే ఒకే ఒక్క నాణెం చేతిలో పెట్టినట్టుంటుంది.

జవాబు 2: కాగితంలోని నీటిగుర్తునూ వదలకండి. అంచుల్లో "మాతృదేశ ప్రేమ దాని మేలుకే పనిచేస్తుంది" అనే అర్థం వచ్చే మాటలతో పాటు "గొసుదార్స్త్వెన్నయ కజ్నా" అనీ ఉంటుంది. ఈ కజ్నా మన ఖజానాయే. మూలం అరబ్బీ, వాళ్లకు తురుష్క భాషల మీదుగా, మనకు పారశీకం మీదుగా వచ్చింది. కాబట్టి కోశాగారం అనక్కర్లేదు, "రాజ్య ఖజానా" చాలు.

అంకెలను అక్షరాల్లో రాయడం కూడా రక్షణ కాలేదు. "ద్వాద్‌సత్ ప్యాత్" (25), "సేమ్‌దెస్యత్ ప్యాత్" (75): చివరి మాట ఒకటే. దొంగలు మొదటి మాట మార్చి 25ను 75 చేసేవారు. 1771లో 75 నోటునే ఎత్తేశారు. రంగులు తర్వాత వచ్చాయి: అయిదుకు నీలం, పదికి ఎరుపు. జనం వాటిని "సీనెంకయా", "క్రాస్నెంకయా" అన్నారు, అంటే నీలిది, ఎర్రది.

జవాబు 1: మీరడిగిన మాటలోనే నెపోలియన్ వేయించిన రష్యా దొంగనోట్లు దొరికిపోయాయి. కొన్నింటిలో "ఖొద్యాచెయు"కు బదులు "ఖొల్యాచెయు" పడింది. రష్యన్ ద-అక్షరానికి అడుగున గీత, రెండు చిన్న కాళ్లు. అవి లేకపోతే ల. మన ద కింద గీత పెడితే ధ అయినట్టే. పైగా అసలు నోట్ల మీద సంతకాలు సిరాతో చేసినవి, వీటి మీద అచ్చు వేసినవి.

ప్రశ్న వేసినవారు: ఆ తప్పును తెలుగులో ఎలా చూపడం?

జవాబు 2: "చదామణి" అని వేసేయండి. ద, ల తారుమారే కదా, దిశ మాత్రం తిరగబడింది.