తొమ్మిదో తరగతి అబ్బాయికి చదవడం కష్టంగా ఉంది, ట్యూషన్ పెట్టించాలా?

నమస్కారం అండి. మేము అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. మా అబ్బాయి ఇక్కడ తొమ్మిదో తరగతిలో చేరాడు. ఏదైనా చెబితే విని చక్కగా అర్థం చేసుకుంటాడు, లెక్కలు నోటితోనే చేసేస్తాడు. కానీ ఒక పేజీ చదవడానికి అరగంట పడుతుంది, రాయమంటే అక్షరాలు తారుమారవుతాయి. చిన్నప్పటి నుంచీ ఇంతే. అందరూ బద్ధకం అనేవారు. సాయంత్రాలు ట్యూషన్‌కు పంపితే సరిపోతుందా? బడిలో చెబితే మామూలు తరగతి నుంచి తీసేస్తారేమోనని భయంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

*

అమ్మా, బద్ధకమున్న పిల్లవాడు ఒకే పేజీ ముందు అరగంట కూర్చోడు. ఆ మాట ఇక ఎవరినీ అననివ్వకండి, ముఖ్యంగా వాడి ముందు.

మా అమ్మాయిదీ ఇదే కథ. రెండేళ్లు ట్యూషన్ల చుట్టూ తిప్పాం. బడిలో కొరుకుడుపడని పాఠాన్నే అక్కడ మళ్లీ అదే పద్ధతిలో, ఇంకాస్త ఎక్కువ కాగితాలతో చేయించేవారు. ఒక రాత్రి జీవశాస్త్రం పుస్తకం పెట్టుకుని, పంక్తి కింద వేలు జరుపుతూ చదువుతోంది. చివరి మాటకు వచ్చేసరికి మొదటి మాట జారిపోతోంది, వేలు మళ్లీ వెనక్కి వస్తోంది. చూడలేక పుస్తకం తీసుకుని నేనే గట్టిగా చదివాను. కణ విభజన దశలన్నీ వరుస తప్పకుండా అప్పజెప్పింది. పిల్లకు తెలివి తక్కువేమీ లేదని, అచ్చులో ఉన్నదే లోపలికి వెళ్లడం లేదని అప్పుడు అర్థమైంది.

అందుకే ట్యూషన్ సంగతి తర్వాత చూడండి. ముందు ఇవాల్యుయేషన్, అంటే పిల్లవాడికి ప్రత్యేక విద్య అవసరమో కాదో తేల్చే పరీక్షలు, చేయమని బడికి రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే అక్కడికక్కడే మరుగున పడుతుంది. రెండు వాక్యాల ఈమెయిల్ చాలు: ‘మా అబ్బాయికి అభ్యసన వైకల్యం ఉందేమోనని అనుమానంగా ఉంది. ఐడియా చట్టం కింద ఇవాల్యుయేషన్ కోరుతున్నాను.’ ఐడియా అంటే వైకల్యమున్న పిల్లల చదువు గురించి ఇక్కడి ఫెడరల్ చట్టం. ఈమెయిల్ ప్రిన్సిపల్‌కు, కౌన్సిలర్‌కు ఇద్దరికీ పంపండి. ప్రభుత్వ బడిలో దీనికి పైసా ఖర్చు ఉండదు. ఈ హక్కు వీసా రకాన్ని బట్టి వచ్చేది కూడా కాదు.

ఇంగ్లిష్ కొత్త కదా, ఆరు నెలలు ఆగుదాం అని మాకు చెప్పారు, మేము ఆగాం. ఆ ఆరు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీతోనూ అలా అంటే, చిన్నప్పుడు తెలుగు చదవడంలోనూ ఇదే ఇబ్బంది ఉండేదని చెప్పండి, పాత నోటుపుస్తకాలు ఉంటే చూపించండి. రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉందంటే కారణం ఇంగ్లిష్ ఒక్కటే కాదని తెలిసిపోతుంది. వీలైనంతవరకు పరీక్షలు పిల్లవాడి మాతృభాషలో జరగాలని చట్టమే చెబుతోంది, బడివాళ్లతో జరిగే సమావేశంలో దుబాసీని కూడా మీరు అడగవచ్చు. ఇవాల్యుయేషన్ చేయబోమంటే కారణం రాసి ఇమ్మనండి, ఇవ్వక తప్పదు.

మామూలు తరగతి నుంచి తీసేస్తారన్న భయం మాకూ ఉండేది. కానీ వీలైనంత మేరకు పిల్లవాణ్ణి తోటివారితో కలిపి మామూలు తరగతిలోనే చదివించాలన్నది 1975 నుంచీ ఈ చట్టంలో ఉన్న సూత్రం. మా అమ్మాయి అందరితోపాటే అదే ఇంగ్లిష్, అదే సైన్స్ తరగతుల్లో కూర్చుంది. ఇంగ్లిష్ తరగతిలో ఇద్దరు టీచర్లు ఉండేవారు, ఒకరు ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారు. రోజుకు ఒక పీరియడ్ రిసోర్స్ రూమ్‌లో గడిపేది. అక్కడ హోంవర్క్ పూర్తి చేయించడంతో సరిపెట్టలేదు, శబ్దాన్ని అక్షరంతో జతచేసి, మాటను విడగొట్టి చదవడం మొదటి నుంచీ నేర్పారు. పదిహేనేళ్లకు ఇంకేం వస్తుందని అనుకున్నాను. వచ్చింది, నెమ్మదిగా.

బడివాళ్లు ‘504 ప్లాన్ ఇస్తాం’ అంటే వెంటనే తలూపకండి. అందులో సాధారణంగా పరీక్షకు అదనపు సమయం, పాఠాన్ని ఆడియోలో వినే వీలు వంటి సర్దుబాట్లే ఉంటాయి. ఐఈపీ అంటే ఐడియా చట్టం కింద ఆ పిల్లవాడికోసమే రాసే విద్యా ప్రణాళిక. అందులో వాటితోపాటు వేరే పద్ధతిలో బోధన, ఏడాదికి కొలవగలిగే లక్ష్యాలు కూడా ఉంటాయి. మీవాడికి కావలసింది చదవడం నేర్పేవారు. పాఠ్యపుస్తకాలు వినడానికి బుక్‌షేర్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. చదవడంలో వైకల్యం ఉన్నట్టు తేలిన విద్యార్థులకు ఇక్కడ ఉచితం.

*

చాలా ధన్యవాదాలు అక్కా, రాత్రే ఈమెయిల్ పంపాను. ఈ ఐఈపీ సంగతి కాలేజీ వాళ్లకు తెలుస్తుందా? మావారు అదే అడుగుతున్నారు.

*

తెలియదమ్మా. అది గోప్యమైన రికార్డు, దరఖాస్తుతో కాలేజీకి వెళ్లదు. అదనపు సమయంతో శాట్ (కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) రాసినా స్కోరుపై ఆ గుర్తు ఉండదు. కాకపోతే ఆ సమయం కోసం శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు అనుమతి విడిగా తీసుకోవాలి. ఏడు వారాల దాకా పట్టవచ్చు కాబట్టి ముందే అడగండి.

మీవారితో ఇంకో సంగతి చెప్పండి. ఐఈపీ హైస్కూలుతోనే ఆగిపోతుంది. కాలేజీలో సాయం కావాలంటే పిల్లవాడే వెళ్లి అడగాలి, తల్లిదండ్రులు అడిగితే కుదరదు. అందుకే మొదటి సమావేశం నుంచే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది కష్టమో వాడి నోటితోనే చెప్పనివ్వండి. మా అమ్మాయి మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. మూడోసారికి ‘బోర్డు మీద రాసింది ఫొటో తీసుకోనివ్వండి’ అని తనే అడిగింది.

బడి నుంచి ఇవాల్యుయేషన్‌కు సమ్మతి పత్రం రాగానే సంతకం చేసి అదే రోజు ఇచ్చేయండి. మీ రాష్ట్రానికి వేరే గడువు లేకపోతే ఇవాల్యుయేషన్ పూర్తి చేయాల్సిన అరవై రోజుల లెక్క ఆ సంతకం అందినప్పటి నుంచే మొదలవుతుంది, ఈమెయిల్ పంపిన రోజు నుంచి కాదు. తేదీ వేసిన నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి.