కోరంగి పిట్టలకి ఎల్క్ వేటగాళ్ల స్కోపు పనికొస్తుందా?

ముమ్మిడివరం కుర్రాడు:
మా బావగారు డెన్వర్‌లో ఉంటారండి. సంక్రాంతికొస్తూ స్పాటింగ్ స్కోపు (స్టాండు మీద పెట్టి ఒంటికన్నుతో చూసే దుర్భిణి) తెస్తానంటున్నారు. వాళ్లాఫీసులో ఎల్క్ (పెద్ద కొమ్ముల దుప్పి) వేటకెళ్లేవాళ్లు 20-60x85 వాడతారంట, అంటే 20 నుంచి 60 రెట్లు దగ్గరగా చూపేది, ముందద్దం 85 మిల్లీమీటర్లు, "మైలు దూరాన్నుంచి కొమ్ములు లెక్కెట్టొచ్చు" అని ఒకటే పొగడ్త. నాకు కావాల్సిందల్లా కాకినాడలో కుంభాభిషేకం అనే చోట బురదమేటల మీద వాలే వలస పిట్టలు, కోరంగి మడల్లో దొరికేవి. ఇప్పుడు పాత 8x42 బైనాక్యులర్ ఉంది. 60 రెట్లంటే మంచిదే కదండీ?

తాళ్లరేవు మాస్టారు:
60 చూసి మురిసిపోకు బాబూ. 85ని 60తో భాగిస్తే 1.4 మిల్లీమీటర్లు. కంట్లోకొచ్చే వెలుగు అంత సన్నం. అదే 20 దగ్గర 4.25. పైగా ఎండెక్కాక మన బురద మీద గాలి ఉడుకుతుంది. అప్పుడు 60 పెడితే కర్ల్యూ పిట్ట కాళ్లు కాగుతున్న నూనెలో జంతికల్లా వంకర్లు తిరుగుతాయి. లక్ష పెట్టి కొన్న గాజైనా అంతే. నేను 30 దాటించేది తక్కువ.

అక్కడి వాళ్ల అవసరం వేరు. కొలరాడోలో చాలా చోట్ల మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు మొనలైనా ఉండాలి, లేదా కనుబొమ్మ దగ్గరి మొన 5 అంగుళాలైనా ఉండాలి. లెక్క తప్పితే కేసు. అందుకే లోయకి ఈవల కూచుని, ముందు 10x42తో కొండంతా జల్లెడ పట్టి, అనుమానం తీర్చుకోడానికే స్కోపు తీస్తారు. వాళ్లలో కూడా బరువు మొయ్యలేక 65 మిల్లీమీటర్ల అద్దానికి దిగేవాళ్లు బోలెడుమంది.

మనక్కూడా లెక్కెట్టే పని ఒకటుంది. వలస పిట్టల కాళ్లకి కట్టిన రంగు జెండాల మీద అక్షరాలుంటాయి. అవి చదవాలంటే 40 కావాలి, గాలి చల్లగా ఉండాలి.

పొద్దున్నే వెళ్తానంటావేమో. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు సరిగ్గా కంట్లో పడతాడు, పిట్టలన్నీ నల్లటి బొమ్మలే. మధ్యాహ్నం మూడు దాటాక పోటు ఎక్కుతున్న రోజు చూసుకుని వెళ్లు. వెలుగు నీ వీపు మీద, నీళ్లు పిట్టల్ని నీవైపు తోలుకొస్తాయి. పాటులో వెళ్తే అవి ఎక్కడో హోప్ ఐలాండ్ దిక్కున చుక్కల్లా ఉంటాయి, ఏ స్కోపూ ఏమీ చెయ్యలేదు.

మడల్లోకైతే స్కోపు పట్టుకెళ్లకు. ఆ చెక్కదారి మీద ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు, అడుగుకోసారి బొమ్మ ఎగిరిపడుతుంది. పడవలో సరేసరి. అక్కడ నీ 8x42యే రాజు.

యానాం పిట్టలోడు:
మాస్టారు చెప్పిందానికి రెండు కలుపుతానండి. కళ్లు పెట్టే గొట్టం వంచి ఉన్న రకం తెమ్మనండి. పొడుగోడు, పొట్టోడు, పిల్లలు అందరూ ఒకే ఎత్తులో చూడొచ్చు, స్టాండు కిందకి దించితే ఊగడం కూడా తక్కువ. కళ్లద్దాలుంటే ఐ రిలీఫ్ (కంటికీ గొట్టం అద్దానికీ మధ్య ఉంచగలిగే దూరం) 15 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. లోపల నైట్రోజన్ నింపిందే కావాలి. మన తేమకి లోపల పొగమంచు పట్టకుండా ఉంటుంది.

ఉప్పుగాలి తగిలిన అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచారో, గీతలే. ముందు మంచినీళ్లతో కడగాలి. తోలు సంచీలో దాచకండి, బూజు దానికి పండగ. సిలికా జెల్ వేసిన డబ్బా చాలు.

ముమ్మిడివరం కుర్రాడు:
అయితే బావగారికి 65 చెప్పేదా మాస్టారూ? ఆయన ఫీలవుతారేమో, పెద్దదే గొప్పని ఆయన నమ్మకం.

తాళ్లరేవు మాస్టారు:
65 ఈడీ గ్లాసు (బొమ్మ అంచుల్లో రంగులు తగ్గించే గాజు), వంచిన గొట్టం అని చెప్పు. మిగిలిన డబ్బు స్టాండుకి పెట్టించు. ఈ సముద్రపు గాలికి సెల్ఫీ స్టాండులాంటిది పెట్టావంటే 20 దగ్గరే వణుకు. బావగారు వచ్చాక కుంభాభిషేకం తీసుకురా, ఆ 60 సంగతి మధ్యాహ్నం పన్నెండింటికి ఆయనకే చూపిద్దాం.