జిల్లా తలసరి ఆదాయం పెరిగితే మా ఇల్లు పెరిగినట్టేనా?

పాలమూరు_పిల్ల:
అందరికి నమస్తే. మాది నారాయణపేట దిక్కు పల్లెటూరు, గ్రూప్-2 కి చదువుతున్న. పేపర్-3 ల వృద్ధి వేరు అభివృద్ధి వేరు అని బట్టీ పట్టిన గని మనసుకు ఎక్కుతలేదు. మా నాయిన మేస్త్రి పని, ఏడాదిల ఎనిమిది నెలలు ముంబైలనే ఉంటడు. పుస్తకంల ఉన్న తలసరి ఆదాయం అంకెను మా ఇంట్ల నలుగురికి గుణిస్తే వచ్చే పైసలు మేము ఎన్నడు కండ్ల చూడలే. అది ఎక్కడి లెక్క? మన దిక్కు ఉదాహరణలతోని ఎవరన్న చెప్పున్రి.

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ):
చెల్లె, నేను రైస్ మిల్లుల లెక్కలు రాస్త, నాకు తెల్సిన కాడికి చెప్త. క్వింటాల్ వడ్లు ఆడిస్తే సర్కారు లెక్క ప్రకారం 67 కిలోల పచ్చి బియ్యం రావాలె. రైతు వడ్లు ఒకసారి, మా బియ్యం ఇంకోసారి మొత్తంగా లెక్కేస్తే ఒకే పంట రెండుసార్లు పడ్తది, అందుకే మా మిల్లు అమ్మకంల నుంచి వడ్ల ఖర్చు, కరెంటు, సంచులు తీసేసి మిగిలిందే జీడీపీల (ఏడాదిల దేశంల తయారైన సరుకులు, సేవల మొత్తం విలువల) కలుపుతరు. ఇంకోటి, సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2023-24ల 2183 రూపాయలు, 2024-25ల 2300. ఒక రైతు రెండేండ్లు 100 క్వింటాళ్లే పండించిండు అనుకో, రూపాయలల్ల 5 శాతం పైన పెరిగినట్టు కనబడ్తది గని గింజ ఒక్కటి కూడ పెరగలే. అందుకనే పాత ఏడాది ధర పట్టుకొని లెక్క కడ్తరు, స్థిర ధరలు అంటే అదే, పరీక్షల వృద్ధి రేటు అన్న కాడ అది స్థిర ధరలదా ప్రస్తుత ధరలదా (అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది ధర) ముందు చూస్కో.

సర్_మహబూబ్‌నగర్:
డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్త. తలసరి అంటే సగటు అమ్మా, రంగారెడ్డి జిల్లా కంపెనీల ఆదాయం కలిసిన రాష్ట్ర సగటుల మీ ఇల్లు కనబడదు. మీ నాయిన కూలి అయితే అసలు మన లెక్కలనే లేదు, పని ఎక్కడ జరిగితే ఉత్పత్తి అక్కడిదే, ముంబైల కట్టిన గోడ మహారాష్ట్ర ఖాతాల పడ్తది. 1934ల అమెరికాల జాతీయ ఆదాయం లెక్కలు కట్టిన సైమన్ కుజ్నెట్స్ కూడ ఈ అంకె చూసి జనం బాగోగులు చెప్పలేమని అప్పుడే రాసిండు. 1990ల పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, అమర్త్యసేన్ తోని కలిసి తెచ్చిన మానవాభివృద్ధి సూచిల ఆయుష్షు, చదువు, ఆదాయం మూడు చూస్తరు.

మర్రిగూడ_అక్క:
మా అత్తమ్మకు ఫ్లోరైడ్ నీళ్లతోని కాళ్లు వంకర పోయినయి. ఎన్నో ఏండ్లు దవాఖానకు, మందులకు, క్యాన్ నీళ్లకు పెట్టిన ఖర్చంత జీడీపీల కలిసిందట, ఆమె నొప్పి మాత్రం యాడ రాలే. నేను పొద్దున్నుంచి ఆమెకు చేసే చాకిరి గూడ రాదు, అదే పనికి ఎవరినన్న జీతానికి పెడితే వస్తది. వృద్ధికి అభివృద్ధికి తేడా ఇదే చెల్లె, నాకు తెల్సింది.

పాలమూరు_పిల్ల:
అక్కా చదువుతుంటే ఏడుపొచ్చింది. సార్, మరి నాయిన పంపిన పైసలతోని ఊర్ల ఇల్లు కడుతున్నం, అదన్న మనకు వస్తదా?

సర్_మహబూబ్‌నగర్:
వస్తది. పైసలు పంపుడు లెక్కల రాదు గని ఊర్ల కట్టే మేస్త్రి, కూలీల పని మన జిల్లా నిర్మాణ రంగం కిందికే వస్తది. సిమెంటు హుజూర్‌నగర్ దిక్కు ఫ్యాక్టరీదైతే అది సూర్యాపేట జిల్లాకు పోతది.