అప్‌డేట్: వార్నిష్ కొట్టాక తెల్లబడిన నెపోలియన్ సైనికులు దక్కారు

నెపోలియన్ ఆస్ట్రియా మీద గెలిచిన 1809 వాగ్రామ్ యుద్ధం కోసం రంగులేసిన 28 మి.మీ. సైజు ఫ్రెంచ్ పదాతి దళం, మొత్తం 24 బొమ్మలు, మ్యాట్ (మెరుపు లేని) స్ప్రే వార్నిష్ కొట్టగానే బూజు పట్టినట్టు తెల్లబడ్డాయని పోయిన నెల అడిగాను కదా. అన్నీ దక్కాయి. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పైన గ్లాసీ వార్నిష్ బ్రష్‌తో పల్చగా పూయమన్న సలహానే పనిచేసింది. ముందు ఒక్క గ్రెనేడియర్ (మేటి పదాతి సైనికుడు) బొమ్మ వీపు సంచీ మీద పూసి చూశాను. తడి తగలగానే తెలుపు మాయమైంది. కోటు ముదురు నీలం, భుజాల మీది ఎర్ర కుచ్చులు మళ్లీ తేటగా కనబడుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆరాక కూడా రంగు అలాగే నిలిచింది. మర్నాడు మెరుపు తగ్గడానికి మ్యాట్ వార్నిష్ వేశాను, ఈసారి బ్రష్‌తోనే.

నేను అనుమానపడ్డ ప్రైమర్‌కీ (రంగుకు ముందు వేసే పూత), రంగుల బ్రాండ్‌కీ దీంతో సంబంధం లేదు. తప్పు నాదే: ముసురు పట్టిన రోజున, వార్నిష్ డబ్బా నాలుగుసార్లు మాత్రమే ఊపి కొట్టేశాను. సరిగ్గా ఊపకపోతే మెరుపు తగ్గించే పొడి అడుగునే ఉండిపోతుందట. అదే డబ్బాను పొడి ఎండలో, మూడు నిమిషాలు ఊపి పాత ప్లాస్టిక్ ముక్క మీద కొడితే శుభ్రంగా వచ్చింది. ఆల్కహాల్‌తో తుడవకండి, రంగే లేచిపోతుంది.