స్కూల్ రేటింగ్ ఏ నుంచి బీకి పడింది, స్టార్ టెస్ట్ కూడా మారుతోందంటున్నారు, టెక్సాస్ పేరెంట్స్ కొంచెం చెప్పండి

చిన్నుఅమ్మ:
అందరికీ నమస్తే. మేము డల్లాస్ నార్త్ సైడ్ ఉంటాం. 2022 చివర్లో ఇల్లు కొన్నాం, నిజం చెప్పాలంటే ఇంటికన్నా ముందు స్టేట్ వాళ్ళు ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే స్కూల్ రేటింగే చూశాం, ఏ ఉంది కదా అని బడ్జెట్ దాటినా సరేలే అనుకుని కొనేశాం. 2025 ఆగస్టులో కొత్త రేటింగులు వస్తే మా ఎలిమెంటరీకి బీ వచ్చింది. అప్పట్నుంచి వాట్సాప్ గ్రూపులో అదే మాట, స్కూల్ పడిపోయింది, ఇళ్ళ రేట్లు పడిపోతాయి, చార్టర్‌కి (ప్రభుత్వ డబ్బుతోనే విడిగా నడిచే స్కూల్) మార్చేద్దాం అని. మా ఆయన కూడా రోజూ ఇదే టాపిక్.

దానికి తోడు మావాడు థర్డ్ గ్రేడ్‌లో మొదటిసారి స్టార్ (టెక్సాస్ స్టేట్ ఏటా పెట్టే పరీక్ష) రాశాడు. మ్యాథ్స్‌లో మాస్టర్స్ వచ్చింది, రీడింగ్‌లో మాత్రం అప్రోచెస్ అంట, అందులోనూ ఎస్సేకి 10కి 0. ఇంట్లో నోట్‌బుక్కులు నింపేసే పిల్లాడండీ వాడు, రోజూ ఏదో ఒక కథ రాస్తూనే ఉంటాడు, వాడికి సున్నా ఎలా వస్తుందో నాకు అర్థం కావట్లేదు. అప్రోచెస్ అంటే ఫెయిలా? ఫిఫ్త్‌లో పాస్ కాకపోతే అదే క్లాసులో ఉంచేస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? స్టార్ తీసేస్తున్నారట కదా, అలాంటప్పుడు ఈ రెండేళ్ళు అసలు రాయించకుండా ఆపొచ్చా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి, వాడి ముందు మామూలుగా ఉంటున్నాను గానీ లోపల చాలా దిగులుగా ఉంది.

ఇర్వింగ్_పాతకాపు:
అమ్మా ముందు కంగారు తగ్గించుకోండి. మీరు కొన్నప్పుడు చూసిన ఏ, ఇప్పుడొచ్చిన బీ, రెండూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. 2023లో టీఈఏ, అంటే టెక్సాస్ విద్యాశాఖ, లెక్క కట్టే పద్ధతే మార్చింది, హైస్కూళ్ళకైతే మరీ బిగించారు, కాలేజీ కెరీర్ రెడీనెస్ అనే భాగంలో ఏ రావాలంటే ఇదివరకు 60 శాతం పిల్లలు అర్హత తెచ్చుకుంటే చాలు, దాన్ని ఒకేసారి 88 చేశారు. మధ్యలో రూల్స్ మార్చారని డిస్ట్రిక్టులు కోర్టుకెళ్తే రేటింగులు ఆగిపోయాయి, 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి, 2024వి 2025వి కలిపి ఆగస్టులో వదిలారు. అందుకే జనాలకి ఒక్క రాత్రిలో స్కూల్ పడిపోయినట్టు కనిపిస్తోంది.

ఆ అక్షరం వెనక మూడు ముక్కలుంటాయి. పిల్లలు ఎంత స్కోర్ చేశారన్నది ఒకటి, పోయినేడుతో పోలిస్తే ఎంత ఎదిగారన్నది రెండోది. ఈ రెండిట్లో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం వెయిటేజీ. మిగిలిన 30 క్లోజింగ్ ద గ్యాప్స్‌కి, అంటే ఇంగ్లీష్ నేర్చుకుంటున్న పిల్లలు, స్పెషల్ ఎడ్ (ప్రత్యేక సాయం అవసరమైన) పిల్లలు, తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లలు ఎలా చదువుతున్నారన్నది. మీ స్కూల్ పేజీ తెరిచి ఏ ముక్కలో తగ్గిందో చూడండి, ఎదుగుదల బాగుండి ఇంకోచోట తగ్గితే మీవాడి చదువు పాడైందని కాదు. నేను ఇల్లు కొన్నప్పుడు ఇవేవీ చూడలేదు, ఒక్క అక్షరం చూసి సంతకం పెట్టాను, తర్వాత తెలుసుకున్నాను.

బడిలోనే_పని:
నేను ఇక్కడ పబ్లిక్ స్కూల్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను కాబట్టి పిల్లాడి సంగతి నేను చెప్తాను. అప్రోచెస్ అంటే ఫెయిల్ కాదండి, పాసే. డిడ్ నాట్ మీట్ అని ఉంటేనే పాస్ కానట్టు. దానిపైన మీట్స్, ఆపైన మాస్టర్స్. ఫిఫ్త్‌లో ఎయిత్‌లో పాసైతేనే పైక్లాసు అనే రూల్ 2021లోనే తీసేశారు. ఇప్పుడు పాస్ కాకపోతే ఆ సబ్జెక్టులో ఎక్స్‌ట్రా ట్యూటరింగ్ గంటలు ఇవ్వాలి, అంతే. గ్రాడ్యుయేషన్‌కి కావాల్సినవి హైస్కూల్లో రాసే ఎండ్ ఆఫ్ కోర్స్ టెస్టులు, అది మీకు ఇంకా చాలా దూరం.

ఇక సున్నా విషయం. ఆ ఎస్సేకి పాయింట్లు రెండు భాగాలు, ఐడియాలకి ఒకటి, గ్రామర్ స్పెల్లింగులకి ఒకటి. ఐడియాల దగ్గర సున్నా పడిందా, ఎంత బాగా రాసినా రెండోదీ సున్నానే. పైగా ఇచ్చిన పాసేజ్ చదివి అందులోంచి ఆధారం తీసుకుని రాయాలి, సొంతంగా అల్లుకుంటే లెక్కలోకి రాదు. ఇంకోటి, 2023 డిసెంబర్ నుంచి ఈ రాతల్ని మొదట కంప్యూటరే స్కోర్ చేస్తోంది, కొన్నిటిని మాత్రం మనుషులు చూస్తారు. అనుమానం ఉంటే రీస్కోర్ అడగొచ్చు. కానీ అంతకన్నా ముందు రిపోర్ట్ మీద ఉన్న యాక్సెస్ కోడ్‌తో ఫ్యామిలీ పోర్టల్‌లోకి వెళ్ళండి, మీవాడు టైప్ చేసిన సమాధానం అక్షరం అక్షరం అక్కడ ఉంటుంది. పేరెంట్స్‌లో చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు, నాకు అదే బాధ.

టెస్ట్ రోజు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ముందురోజు సాయంత్రం గోడలమీద చార్టులన్నీ పేపర్‌తో కప్పేస్తాం, పదాలు అంటించే వర్డ్ వాల్ కూడా. పిల్లలు పొద్దున వచ్చి ఆ తెల్లకాగితాలు చూసి గుసగుసలు కూడా మానేస్తారు. మేము సెక్యూరిటీ ఓత్ మీద సంతకం పెడతాం, పిల్లాడి స్క్రీన్‌లో ప్రశ్న చదవకూడదు, భుజం తట్టి ఇది మళ్ళీ చూడు అనకూడదు. ఒక పాప రెండు గంటలు ఒకే ప్రశ్న దగ్గర కూర్చుని నావైపు చూసింది, నేను చెప్పగలిగింది ఒకటే, నీకు తోచినంత చెయ్యమ్మా అని. ఎనిమిదేళ్ళ పిల్ల. అది నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

బోస్టన్_నాన్న:
మా మసాచుసెట్స్‌లో 2024 నవంబర్‌లో ఓటు పెట్టారు, ఎంకాస్ అనే మా స్టేట్ పరీక్ష పాసైతేనే హైస్కూల్ డిప్లొమా అనే నిబంధన జనం తీసేశారు. కానీ టెస్ట్ పోలేదు, పిల్లలు ఇప్పటికీ రాస్తున్నారు. ఎందుకంటే థర్డ్ నుంచి ఎయిత్ వరకు ఏటా రీడింగ్ మ్యాథ్స్, హైస్కూల్లో ఒకసారి అన్నది ఫెడరల్ చట్టం, దాన్ని ఏ స్టేటూ తప్పించుకోలేదు. ఆపొచ్చా అని అడిగారు కదా, టెక్సాస్ చట్టంలో ఆప్ట్ ఔట్ అనే దారి లేదు. 95 శాతం మంది పిల్లలు రాయాలని ఫెడరల్ రూల్ కూడా ఉంది.

గెలుపు_నెమ్మదిగా:
టెస్టులు దండగ అని గ్రూపుల్లో ఎవరైనా రాస్తే నేను ఊరుకోలేను, అందుకే రాస్తున్నాను. మా పాపకి స్పెషల్ ఎడ్ సర్వీసులున్నాయి. ఏటా టెస్టులు తప్పనిసరి చేస్తూ 2002లో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టానికి చాలా తప్పులున్నాయి, 2014 కల్లా నూటికి నూరుమంది పిల్లలు ప్రొఫిషియెంట్ కావాలన్నారు, ఏ దేశంలోనూ జరగని పని అది, ఆ భయంతోనే అట్లాంటాలో టీచర్లు పిల్లల ఆన్సర్ షీట్లు దిద్దేదాకా వెళ్ళింది. కానీ ఆ చట్టం ఒక మంచిపని చేసింది. అంతకుముందు స్కూల్ యావరేజ్ ఒకటి చూపిస్తే సరిపోయేది, ఆ యావరేజ్ కింద మా పాపలాంటి పిల్లలు ఉన్నారో లేరో ఎవరికీ కనబడేది కాదు. గ్రూపులవారీగా విడివిడిగా చూపించాల్సిందే అని పెట్టారు. 2015 చివర్లో ఒబామా దాని బదులు ఎస్సా అనే చట్టం తెచ్చి, వెనకబడిన స్కూళ్ళకి శిక్షలు ఎలా ఉండాలో స్టేట్‌లకి వదిలేసినా ఆ భాగం మాత్రం ఉంచారు.

స్కూల్ వాళ్ళు మీటింగులో మా పాప బాగానే ఉంది అంటే నేను నమ్మి ఇంటికొచ్చేవాణ్ణి. ఒకసారి రిపోర్ట్ ప్రింట్ తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టాను, రెండేళ్ళుగా గీత పైకి కదల్లేదు చూడండి అని. ఆ రోజే రీడింగ్ సపోర్ట్ నిమిషాలు పెంచారు. ఆ కాగితం లేకపోతే నా నోటిమాట ఎవరు వినేవారు చెప్పండి.

బడిలోనే_పని:
గెలుపు అన్న చెప్పింది ఒప్పుకుంటాను, ఆ కాగితం వల్ల మంచి జరిగిన పిల్లల్ని నేనూ చూశాను. నా బాధ అంతా దానిచుట్టూ పేరుకుపోయిన ప్రాక్టీస్ టెస్టుల మీద. టెస్టుండే రీడింగ్ మ్యాథ్స్‌కి టైమంతా పోయి, ఫోర్త్ గ్రేడ్‌లో సైన్స్ వారానికి ఒకటి రెండు పీరియడ్లకి కుదించుకుపోవడం చూశాను, ఫిఫ్త్‌లో సైన్స్ టెస్ట్ ఉందని మళ్ళీ పరుగులు.

కొత్తది గురించి అడిగారు కదా. 2025లో గవర్నర్ ఆబట్ సంతకం చేసిన హౌస్ బిల్ 8 ప్రకారం 2027-28 నుంచి స్టార్ బదులు మూడు చిన్న టెస్టులు, సంవత్సరం మొదట్లో, మధ్యలో, చివర్లో. మొదటి రెండిటి ఫలితాలు త్వరగా వస్తే టీచర్ ఆ పిల్లాడికే ఉపయోగించగలదు, ఇప్పుడైతే రిజల్ట్ వచ్చేసరికి స్కూలే మూసేస్తున్నారు. అది బాగుంది. కానీ ఒకసారి కప్పే గోడల్ని మూడుసార్లు కప్పాల్సి వస్తుందేమో అన్న భయం నాకుంది. మీవాడు అప్పటికి సిక్స్త్‌కి వస్తాడు, ఫోర్త్ ఫిఫ్త్ మాత్రం స్టారే రాయాలి.

చిన్నుఅమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి వాడు పడుకున్నాక పోర్టల్ తెరిచాను. పాసేజ్ వరదలో చిక్కుకున్న కుక్కని కాపాడినవాళ్ళ గురించి, వాళ్ళు ధైర్యవంతులని ఎలా చెప్పగలం అని ప్రశ్న. మావాడు పాసేజ్ ఊసే ఎత్తలేదు, మా పక్కింటి కుక్క గురించి పద్దెనిమిది లైన్ల కథ రాశాడు, మొదలు చివర అన్నీ ఉన్నాయి, చదువుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాబట్టి రీస్కోర్ అడగట్లేదు.

స్కూల్ పేజీ కూడా చూశాం, ఎదుగుదల దగ్గర ఏ నే ఉంది, తగ్గింది గ్యాప్స్ దగ్గర. మా ఆయన అది చూశాక చార్టర్ మాట ఆపారు. గురువారం టీచర్‌ని కలుస్తున్నాను, ఆ పద్దెనిమిది లైన్లూ ప్రింట్ తీసుకెళ్తున్నా. పాసేజ్‌లోంచి ఆధారం తీసి రాయడం ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయించాలో బడిలోనే_పని గారూ మీకు వీలైతే చెప్పండి, వాడి కథలు మాత్రం ఆపకుండా.